పదమూడో వరస

నూకరత్నం చెరకు గడను మోకాలికి ఆనించి విరిచింది. విరిగిన చోటు కనిపించేలా వాగ్దేవి ముందు పైకెత్తి పట్టుకుంది. రసం ఉండాల్సిన నడిమి భాగంలో తెల్లటి బెండు, దూది కూరినట్టు.

"సూడమ్మా. పైనుంచి పచ్చగానే ఉంటాది. లోపలిదీ సంగతి. పూత కూడా వచ్చేసినాది."

కాలేజీకి వెళ్లే వేళ. వాగ్దేవి కుచ్చిళ్లు సర్దుకుంటూనే గుమ్మంలోకి వచ్చింది. చేతిలో ఇంకా పిన్నీసు ఉంది. నూకరత్నం వెనకాల కూతురు రోజా నిలబడింది. వాగ్దేవి పాఠం చెప్పే డిగ్రీ కాలేజీలోనే ఆ పిల్ల కంప్యూటర్స్ రెండో ఏడాది. తల్లి గొంతు పెంచినప్పుడల్లా తన చెప్పుల వంక చూసుకుంటోంది.

"నరకమని కటింగ్ ఆర్డర్ రాలేదా?" అంది వాగ్దేవి.

"రానేదు. మా సుట్టూ ఉన్న మళ్లన్నిటికీ వచ్చేసినాది. మా తోడికోడలు నరికించి ఫ్యాక్టరీకి తోలేసింది కూడాను. నాకే ఇది మోగదు." నూకరత్నం బొడ్లోంచి చిన్న ఫోను తీసి చూపించింది. "తలకాడెట్టుకుని తొంగుంటన్నాను."

"సంఘం ఆఫీసులో అడిగేవా?"

"మూడు మాట్లు. యాప్‌లో నీ పేరు లేదంటాడు బంగార్రాజుగోరు. పుస్తకంలో ఉంది గదా బాబూ అంటే, పుస్తకం సూసి ఆర్డర్లిచ్చే రోజులు పోయేయి, ఈ ఏటినుంచి అంతా యాప్‌లోనే అంటాడు. మరి ఆ యాప్‌లో పేర్లు ఎవులు రాస్తారు బాబూ అంటే, ఎవులూ రాయరు, పుస్తకం ఎక్కిస్తే అదే సదువుకుంటాది అంటాడు."

రోజా మొదటిసారి తలెత్తింది. "ఆ చదివే ప్రోగ్రాం మీరే రాసేరంట కదా మేడమ్. ల్యాబ్‌లో ఫోటో ఉంది. మీకు శాలువా కప్పుతున్నది."

వాగ్దేవి పిన్నీసు పెట్టుకోబోయి వేలికి గుచ్చుకుంది.

"ఆయన పోయేక నా సేత్తో నేను ఏసిన మొదటి పంటమ్మా," అంది నూకరత్నం. "ఇత్తనం ముచ్చె నుంచి నేనే ఎంచి నాటించేను. ఫ్యాక్టరీ కాటా మీద నా పేరున తూగాలని. అంతే. నాల్రోజులు సూస్తాను. ఈలోపు ఎండిపోతే బెల్లం ఆడేవోడికి ఇచ్చెయ్యడమే. ఆడు రోజూ వచ్చి గట్టుమీద కూకుంటన్నాడు, ఆ గెద్ద మొహంగాడు."

చెరకు ముక్క అరుగు మీద పెట్టి, చీర కొంగుతో చేతులు తుడుచుకుని, తల్లీకూతుళ్లు రావికమతం ఆటో కోసం రోడ్డు వైపు నడిచారు.

*

రైతుసంఘం ఆఫీసులో బంగార్రాజు రిజిస్టరు తెరిచి వేలితో వరసలు దాటుకుంటూ వచ్చాడు. ఆయన సంఘానికి కార్యదర్శి. టేబుల్ మీద రబ్బరు స్టాంపుల పక్కనే మందుల సీసా, చెంచా.

"ఇదిగోనమ్మా. ఉంది."

వాగ్దేవి వంగి చూసింది. 'కీ.శే. ఎల్లపు సత్యారావు' అని ఉంది. కీ.శే. మాత్రం ఎర్రసిరాతో. దాని కిందే, కొంచెం లోపలికి జరిపి, 'భార్య నూకరత్నం' అని ఉంది. ఊరు, సర్వే నంబరు, చెరకు రకం, నాటిన తేదీ, ఫోను నంబరు, అన్నీ ఉన్నాయి.

"ఇది మీ నాన్నగారు అనంతరామయ్యగారు పెట్టిన పద్ధతే కదమ్మా," అన్నాడు బంగార్రాజు. "రైతు పోతే లైను కొట్టెయ్యకూడదనీవారు. ముందర ఎర్రసిరాతో కీ.శే. రాసి, కింద ఇంటావిడ పేరు రాయమనీవారు. పాస్‌పుస్తకం మారేదాకా ఆవిడ తిరగక్కర్లేదు, ఆర్డర్ ఆవిడకెళ్లిపోద్ది. ఆయన రిటైరయిపోయినా మేం అదే రాస్తన్నాం."

"యాప్‌లోకి ఎలా ఎక్కిస్తున్నారు?"

"ఎలా ఉందో అలాగే టైపు చేసేసి ఎక్కించేత్తాం. అది సదివేసి ఎవరికి ఎప్పుడు ఆర్డరో సెప్తాది. ఎక్కించినపుడు పొరపాటుందని ఏ మాటా రాలేదమ్మా. అన్నీ పచ్చ టిక్కులే."

"మరి ఈ వరస ఏమయింది?"

"ఏటయిందో నాకేటి తెలుసు? మూత తీసి సూడ్డానికి మనకి తాళం ఇచ్చేరేటి?"

వాగ్దేవి అక్కడినుంచే ఉదయ్‌కుమార్‌కి ఫోన్ చేసింది. ఒకప్పుడు ఆమె దగ్గరే చదివాడు. ఇప్పుడు విశాఖపట్నంలో ఆ యాప్ చేసిన కంపెనీలో ఉన్నాడు.

"నమస్తే మేడమ్! ఎన్నాళ్లకి మేడమ్!"

"ఉదయ్, నేనిచ్చిన ఆ రిజిస్టరు చదివే పార్సర్‌లో మీరేం మార్చేరు? ఇక్కడ రైతుల పేర్లు మాయమవుతున్నాయి."

"మేం మార్చడమేటి మేడమ్. మీరిచ్చింది ఇచ్చినట్టే పెట్టేం. ఒక్క అక్షరం ముట్టుకోలేదు."

"అయితే ఆ సోర్స్, నేను రాసిన అసలు కోడు, ఒకసారి నాకు పంపు. నేనే చూసుకుంటాను."

అవతలినుంచి కీబోర్డు చప్పుడు వినిపించింది.

"అది కుదరదు మేడమ్. హక్కులన్నీ కంపెనీకి రాసిచ్చేరు కదా మీరు. సోర్స్ బయటికి వెళ్లకూడదు."

"నేను రాసింది నేను చూడకూడదా?"

"కంప్లెయింట్ పెడతాను మేడమ్. వచ్చే సీజన్‌కల్లా చూస్తారు. మీరు ఎలా ఉన్నారు మేడమ్? సర్ బాగున్నారా?"

బంగార్రాజు రిజిస్టరు మూసి, టైపు చేసిన ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేసి ఆమె చేతిలో పెట్టాడు. "ఇది మన కాయితమే. దీనికెవరూ అడ్డు చెప్పరు. పట్టుకెళ్లండి."

ఆ సాయంత్రం వాగ్దేవి ఇంట్లో బీరువా అడుగు అర ఖాళీ చేసింది. పాత సీడీలు పదిహేను దొరికాయి. పిల్లల పుట్టినరోజులు, ఒక గృహప్రవేశం, ప్రశ్నపత్రాలు. ప్రోగ్రాం లేదు. కాలేజీ పాత మెషీన్లు ఏనాడో తుక్కులోకి పోయాయి. ఇంటర్నెట్‌లో అందరికీ కనపడేలా పెట్టిన కాపీని కంపెనీ షరతు మీద తనే తీసేసింది. సీడీల కింద, మడత విప్పని శాలువా ఉంది. నెమలికంఠం రంగు.

భర్త కృష్ణకాంత్ పళ్లెంలో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ చూస్తున్నాడు.

"ఎవరైనా చూడొచ్చు, మార్చుకోవచ్చు అని రాసి పెట్టుకున్నారు కదా అప్పట్లో. అదెందుకు తీయించేరు వాళ్లు?"

"అది ఉంటే, వాళ్లు మార్చింది కూడా అందరికీ చూపించాల్సి వస్తుంది. అందుకు."

"నేనూ సంతకం పెట్టెయ్యమన్నాను," అన్నాడాయన, ఈనె తెంపుతూ. "స్టేజీ మీద పిలుస్తారు, పేపర్లో వేస్తారు, పోయేదేముంది అన్నాను."

వాగ్దేవి సీడీలు మళ్లీ అరలో పేర్చింది.

"సుబ్బు దగ్గర ఉండదూ?" అన్నాడు మళ్లీ.

పొద్దుటినుంచీ ఆ పేరు ఆమె నాలుక చివరే ఉంది. తను అనకుండా ఆపుకుంటోంది.

*

మాడుగుల బస్టాండుకి కొంచెం పైన, హల్వా దుకాణం పక్కన సుబ్బు షాపు. సెల్‌ఫోన్ రిపేరు, జిరాక్సు, ఆన్‌లైన్ పనులు. నెయ్యి కాగుతున్న వాసన గోడ దాటి వస్తోంది. కంటికి భూతద్దం కట్టుకుని, పల్చటి బ్లేడుతో ఒక ఫోను వీపు ఊడదీస్తున్న సుబ్బు ఆమెను చూసి లేచి నిలబడ్డాడు. భూతద్దం తియ్యడం మరిచిపోయాడు. ఒక కన్ను పెద్దదిగా కనబడింది.

"మేడమ్! ఫోన్ చేస్తే నేనే వచ్చీవోణ్ణి కదా." స్టూలు తువ్వాలుతో దులిపాడు. "ఒరే, రెండు టీ!" అని బయటికి కేకేశాడు.

ఒకప్పుడు కాలేజీ ల్యాబ్‌లో అతను అసిస్టెంటు. ఆ పార్సర్‌లో సగం నియమాలు అతను రాసినవే. సన్మానంలో ఇచ్చిన జ్ఞాపిక మీద ఉన్నది మాత్రం వాగ్దేవి పేరు ఒక్కటే.

ఆమె సంగతి చెప్పింది. కంపెనీ వాళ్లు పాడుచేశారని, అడిగితే చూపించరని, చెరకు బెండు పడుతోందని. సుబ్బు టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని విన్నాడు.

"నా దగ్గర ఉంది మేడమ్," అన్నాడు. "నేనెక్కడా సంతకం పెట్టలేదు కదా. నా కాపీ మీద మనం మొదట రాసుకున్న కాగితం అలాగే ఉంది. ఎవరడిగినా ఇవ్వొచ్చు. ఎవరూ అడగలేదంతే."

పాత హార్డ్‌డిస్క్ ఒకటి సొరుగులోంచి తీసి తగిలించాడు. ఫోల్డరు తెరిచాడు. వాగ్దేవి తన పాత ఫైళ్ల పేర్లు చూసి స్టూలు ముందుకి జరుపుకుంది.

"అప్పట్లో తయారుచేసి పెట్టుకున్న ప్రోగ్రాం ఈ కొత్త మెషీన్ మీద నడవదు మేడమ్. సోర్స్ నుంచి కొత్తగా కట్టుకోవాలి, కంపైల్ చేసి."

నల్లటి తెర మీద ఆదేశం కొట్టాడు. అక్షరాలు జలజలా పైకి పోయి, ఒకచోట ఆగాయి.

"దీనికింద ఉండాల్సిన లైబ్రరీ లేదంటంది. ఇప్పుడు దొరికేది కొత్తది, దానికి మనది అతకదు. పాతదాన్ని కూడా కట్టాలి ముందర."

"అది దొరుకుతుందా?"

"దాని సోర్సూ దాచేను. ఎవరో ముక్కూ మొహం తెలీనోళ్లు రాసి ఊరికే ఇచ్చేరు. దాని మీద కదా మనం మన రిజిస్టరు నియమాలు పేర్చుకున్నది. ఏది ఇంటిపేరు, ఏది ఊరు, ఏది సర్వే నంబరు అని."

పునాది లైబ్రరీ కట్టడానికి ముప్పావు గంట పట్టింది. మధ్యలో ఒకామె వచ్చి ఫోనుకి అద్దం వేయించుకుంది. గాలిబుడగలు రాకుండా సుబ్బు వేలిగోరుతో నొక్కి సాగదీస్తుంటే వాగ్దేవి అతని కుర్చీలోకి మారి తెర చూసింది. రెండోసారి ఆగినచోట తప్పేమిటో ఆమెకే తట్టింది. ఒక ఫైలు ఉన్నచోటు మారింది, దారి పాతదే ఉంది. దారి మార్చి మళ్లీ కొట్టింది. ముందుకి సాగింది. చాలాకాలం తర్వాత వేళ్లలో ఆ పాత తొందర. పాఠాలు చెప్పడం కాదు, పని చెయ్యడం.

"మీ చెయ్యి మీదే మేడమ్," అన్నాడు సుబ్బు, అద్దం వేయించుకున్నామెకు చిల్లర ఇస్తూ.

కట్టడం పూర్తయ్యాక పరీక్ష. కట్టిన ప్రతిసారీ నమూనా వరసలు కొన్ని చదివి, సరిగ్గా చదివిందో లేదో అదే చెప్పాలి. పన్నెండు వరసలు. పన్నెండూ పాస్.

"పాసవుతాయి," అన్నాడు సుబ్బు. "మీరు ఏరి పెట్టినవే కదా."

వాగ్దేవి ఆ పన్నెండూ చూసింది. అన్నీ చక్కటి వరసలు. బతికున్న మగవాళ్ల పేర్లు, ఒక పేరుకి ఒక ఊరు, ఒక నంబరు. ఎర్రసిరా అవసరమైన వరస ఒక్కటీ లేదు.

బంగార్రాజు ఇచ్చిన ఫైలు ఎక్కించారు. రెండు నిమిషాల్లో చదివేసింది. ఫోల్డరులో కొత్తగా ఇంకో చిన్న ఫైలు పుట్టింది.

"అదేమిటి?"

"పక్కన పెట్టినవి. దానికి అర్థం కాని వరస వస్తే పారెయ్యకుండా ఇందులో పెట్టి, ఎందుకు అర్థం కాలేదో రాస్తాది. మనిషి చూసి సర్దుకోవాలి."

నలభై ఒక్క వరసలు. వాగ్దేవి వరసగా కిందికి జరిపింది. కీ.శే., కీ.శే., కీ.శే. ప్రతి దాని కింద ఒక భార్య. కొండమ్మ, సన్యాసమ్మ, దేముడమ్మ, పెంటమ్మ. పంతొమ్మిదోది నూకరత్నం.

"ఇంతమందా," అంది. తర్వాత కోపం వచ్చింది. "ఈ పక్కన పెట్టేది తీసేశారు, చూశావా? తెర మీద తప్పులు కనపడకూడదని వాళ్లు దీన్ని తీసేసి వరసలకి వరసలే మింగేశారు. పైగా ఒక్క అక్షరం ముట్టుకోలేదట! నేను వదలను సుబ్బూ. వాళ్ల మీద రాతపూర్వకంగా..."

సుబ్బు జిరాక్సు మెషీన్ దగ్గరికి వెళ్లి, అందులో కాయితాలు అవసరం లేకపోయినా సర్దడం మొదలుపెట్టాడు.

"ఏమిటి?" అంది వాగ్దేవి.

"ఏం లేదు మేడమ్. ప్రింటు తీసేద్దామా?"

"సుబ్బూ."

అతను ఈ వైపు తిరగలేదు. "మార్పుల చిట్టా అని ఒకటుంటాది కదా మేడమ్. దాని చివర చూడండి."

ఆమె తెరిచింది. ఎవరు ఏ రోజు ఏం మార్చారో ఇద్దరూ రాసుకున్న ఫైలు. చివరినుంచి రెండోది, ఆమె పేరు మీద ఉంది. 'కీ.శే. ఉన్న వరసలు వదిలెయ్యాలి. చనిపోయినవారికి ఆర్డర్ ఉండదు. శనివారం కంపెనీ వాళ్లకి చూపించేటప్పుడు ఎర్రగా ఏమీ రాకూడదు.'

దాని కింద ఆఖరిది, మూడు రోజుల తర్వాత. సుబ్బుది. 'మేడమ్, వదలకూడదు. కింద ఇంకో పేరు ఉంటోంది. అర్థం కానిది పక్కన పెట్టి మనిషికి చూపించాలి. మార్చాను, చూడగలరు.'

శనివారం ఆమె కంపెనీ వాళ్లకి ఇచ్చింది తన కాపీ. సుబ్బుది చూడలేదు. చూద్దాంలే అంది. చూద్దాంలే అన్న మాట, అప్పుడు ఆమె గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటున్న సంగతి కూడా ఇప్పుడు గుర్తొచ్చింది. అతను సన్మానానికి కుర్చీలు మోసుకెళ్తూ అడిగాడు.

ఉదయ్‌కుమార్ అబద్ధమాడలేదు.

"నీకు మొదట్నుంచీ తెలుసు," అంది వాగ్దేవి. "నేను ఇక్కడికి వచ్చి వాళ్లని తిడుతున్నంతసేపూ."

"మీరు మర్చిపోయుంటారనుకున్నాను మేడమ్." జిరాక్సు మెషీన్ మూత వేశాడు. "టీ సల్లారిపోయింది. ఇంకోటి చెప్పనా?"

*

శుక్రవారం మధ్యాహ్నం బంగార్రాజు నలభై ఒక్క పేర్ల కాగితం కళ్లకి దగ్గరగా పెట్టుకుని చదివాడు. చేత్తో రాసే ఆర్డర్ల పుస్తకం సంఘంలో ఇంకా ఒకటి మిగిలే ఉంది. అట్ట దులిపి, కార్బన్ కాగితం వెతికి, రాయడం మొదలుపెట్టాడు.

"కంపెనీవోడు చేసిన తప్పు మీరు పట్టేసేరమ్మా. అనంతరామయ్యగారి అమ్మాయనిపించేరు. కిందటిసారి శాలువా కప్పేరు, ఈసారి మా సంఘం తరపున మేం కప్పాలి."

ఆ తప్పు కంపెనీది కాదని చెప్పడానికి వాగ్దేవి నోరు తెరిచింది. పక్క టేబుల్ గుమస్తా నవ్వుతూ చూస్తున్నాడు. ఎవరో కుర్చీ లాగి వేశారు.

"వద్దండి," అంది. "శాలువాలు వద్దు." అంతే అనగలిగింది. ఆ మాటకి బంగార్రాజు ఆమె అణకువ మెచ్చుకున్నాడు.

నూకరత్నం ఆదివారం వచ్చింది, ఎండ ఇంకా తగ్గకముందే. చంకలో పాత తువ్వాలులో చుట్టిన బెల్లం దిమ్మ. కొత్త బెల్లం, గుడ్డలోంచి కూడా వాసన వస్తోంది.

"కాయితం వచ్చిందా?" అంది వాగ్దేవి, గుమ్మంలోనే.

"సుక్రోరం మాపటేల వచ్చినాది. పొద్దున్నే బెల్లమోడికి ఒప్పేసేను కదా. కాయితం అట్టుకుని గట్టుమీద నిలబడితే మడిలో మోళ్లే ఉన్నాయి." నవ్వబోయింది. "మిగతావోళ్లందరికీ అందినాయంట. కొండమ్మ నిన్ననే తోలింది. నాకోసం మీరు మాడుగుల దాకా ఎల్లేరని మా గుంట రోజా సెప్పింది. అందుకే తెచ్చేను. మన మడి బెల్లమే. తినండి."

బెల్లం ముందుకు చాపింది. వాగ్దేవి చేతులు చాపలేదు.

"నూకరత్నం, ఆ తప్పు కంపెనీది కాదు. నాది."

"నీదేటి?"

"పేరు ముందర కీర్తిశేషులు అని ఉంటే ఆ వరస చదవొద్దు, వదిలెయ్యమని నేనే రాసేను. ఎప్పుడో. మర్చిపోయేను."

నూకరత్నం బెల్లం అలాగే పట్టుకుని నిలబడింది. చెప్పింది అర్థం చేసుకోవడానికి ఆమెకు కొంతసేపు పట్టింది. ఆ కొంతసేపూ వాగ్దేవి గుమ్మం పట్టుకునే ఉంది.

"ఆయన పోయేడని తెలిసి వదిలేసింది," అంది చివరికి నూకరత్నం. "సరే. దానికింద నా పేరుంది కదమ్మా. నానింకా బతికే ఉన్నాను కదా. అదెందుకు సదవనేదు?"

కోపంగా అనలేదు. బస్సు ఎందుకు ఆలస్యమయిందని అడిగినట్టు అడిగింది.

"చూసుకోలేదు," అంది వాగ్దేవి.

"ఊఁ."

నూకరత్నం బెల్లం అరుగు మీద పెట్టింది. మొన్నటి చెరకు ముక్క ఇంకా అక్కడే ఉంది, ఎండి పీచు లేచి. ఆమె దాన్ని తీసి పెంటకుప్ప వైపు విసిరేసి, తువ్వాలు మడిచి భుజాన వేసుకుంది.

"మా గుంటకి నేర్పినపుడు మాత్రం కింద లైను కూడా సదవమని సెప్పమ్మా," అంది. మెట్లు దిగి వెళ్లిపోయింది.

సోమవారం ల్యాబ్‌లో వాగ్దేవి సుబ్బు ఇచ్చిన కాపీ అన్ని మెషీన్ల మీదా పెట్టించింది. మొదట పునాది లైబ్రరీ, దాని మీద ఇది. ఇరవై మంది పిల్లలు ఎవరిది వాళ్లు సోర్స్ నుంచి కట్టారు. మధ్యలో ఆగినవాళ్లు ఆగారు, పక్కవాళ్ల తెరలు చూసి తప్పు దిద్దుకున్నారు. పైన, ఎవరైనా చూడొచ్చు మార్చుకోవచ్చు అన్న పాత కాగితం. దాని కింద రాసినవాళ్ల పేర్లు. వాగ్దేవి సుబ్బు పేరు ముందు పెట్టి, తన పేరు రెండోదిగా మార్చి వచ్చింది. సుబ్బుకి ఫోన్‌లో చెబితే, "ఎందుకు మేడమ్ ఇప్పుడవన్నీ," అన్నాడు.

నూకరత్నంది లాంటి వరసలని పక్కన పెట్టడం కాదు, చదవడమే నేర్పే నియమం నిన్న రాత్రంతా మనసులో తిప్పుకుని, పొద్దున్నే రాసింది. పది వాక్యాలు. ఆ రోజు చెప్పులు విప్పి కూర్చుని ఉంటే గంట పని.

రోజా మూడో వరస చివరి మెషీన్ దగ్గర ఉంది. వాగ్దేవి వెళ్లి పక్కన నిలబడింది.

"పన్నెండు నమూనాలున్నాయి కదా. పదమూడోది నువ్వు టైపు చెయ్యి."

ఏది అని రోజా అడగలేదు. 'కీ.శే. ఎల్లపు సత్యారావు' అని కొట్టి ఆగింది. తర్వాత కింది వరసలోకి వెళ్లి, కొంచెం లోపలికి జరిపి, తల్లి పేరు కొట్టింది. పరీక్ష నడిపింది.

తెర మీద ఒక్కొక్క అంకె పైకి జరుగుతూ వచ్చింది. పదమూడు దగ్గర ఆగింది. పదమూడూ పాస్.

"చదివిందా?" అంది వాగ్దేవి. తెర ఎదురుగానే ఉన్నా అడిగింది.

రోజా ఆమె వైపు తిరగలేదు.

"ఇప్పుడు చదివింది మేడమ్."